ప్లీజ్ సిట్ డౌనండి

పాలకొల్లులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పే రోజుల్లో, నేను గల్ఫ్ వెళ్తానని అనగానే మా వీధిలో అందరూ అడిగింది ఒక్కటే. "ఎవరింట్లో పనమ్మా?" వాళ్ళననడానికి లేదు. అప్పట్లో మా వైపు నుంచి కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళే ఆడవాళ్ళంటే వంటకో, పిల్లల్ని చూసుకోవడానికో వెళ్ళేవాళ్ళే. ఇంగ్లీషు చెప్పడానికండి అంటే, "అక్కడికి ఇంగ్లీషు పాలకొల్లు నుంచి పంపించాలా ఏంటి" అని నవ్వేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. అలా మండినప్పుడల్లా వెళ్ళి తీరాలన్న పట్టుదల ఇంకాస్త పెరిగేది.

నవ్వనిది మా నాన్నగారొక్కరే. వరి, కొబ్బరి తప్ప మూడో సంగతి ఎత్తని మనిషి ఆయన. ఒక పూట అన్నం తింటూ తేల్చేశారు.

"గల్ఫ్ వెళ్ళడానికి ఏ కోర్సు కావాలో అది చేయిస్తాను. ఒక్కటే కోర్సు. అది చేశాక ఇది కాదు నాన్నా, ఇంకోటి కావాలంటే కుదరదు. బుద్ధిగా బి.ఇడి. చేసి ఇక్కడే ఉండాలి."

సంతోషం పట్టలేక వెంటనే సరేనన్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి భయం పట్టుకుంది. ఆ ఒక్కటీ ఏదో నాకు తెలియదు కదా.

అప్పటికే నా దగ్గర దూరవిద్యలో చేసిన ఎం.ఏ. ఉంది. ఆదివారం పేపరు తెరిస్తే రకరకాల ప్రకటనలు. ఇంట్లో కూర్చునే విదేశీ టీచరైపోవచ్చని ఒకరు, పరీక్ష కూడా అక్కర్లేదని ఇంకొకరు. టెఫ్ల్ అని ఒకటి, టెసోల్ అని ఒకటి. పేర్లు వింటుంటేనే నాకు విమానమెక్కినంత హుషారుగా ఉండేది. హైదరాబాదులో నెల రోజుల కోర్సు మరొకటి ఉంది. అందులో పాఠాలు వినడమే కాదు, రోజూ మనుషుల్ని కూర్చోబెట్టి మనం చెప్పాలట. మా స్కూలు లెక్కల మాస్టారుని సలహా అడిగాను.

"ఏదైతే ఏంటండి, ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి" అన్నారాయన.

ఆయన మాట మీద పోస్టులో వచ్చే కోర్సుకి కట్టేసేదాన్నే. ఎందుకైనా మంచిదని బస్టాండు పక్క ఎస్టీడీ బూతు నుంచి, మస్కట్‌లో టీచర్లు కావాలని ప్రకటన ఇచ్చిన ఇనిస్టిట్యూట్‌కి ఫోన్ చేశాను. ఫోనెత్తినాయన నా డిగ్రీలన్నీ ఓపిగ్గా విని, "మీరు పాఠం చెబుతుంటే ఎవరైనా చూశారా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"మా హెడ్మాస్టరుగారు చూస్తారండి, కిటికీలోంచి" అన్నాను.

"పిల్లలు అల్లరి చేస్తున్నారా లేదా అని కాదు. మీరు ఎలా చెబుతున్నారో వెనక కూర్చుని చూసి, తప్పులు చెప్పే కోర్సు చెయ్యండి. అలాంటిదైతేనే మాకు పనికొస్తుంది."

బూతులోంచి బయటికొచ్చి రోడ్డు మీదే నవ్వుకున్నాను. నా ఒక్కటీ దొరికింది. హైదరాబాదుదే.

కాకపోతే దానికి ఎంపిక ఉందన్నారు. మా వైపు వాళ్ళకి రాజమండ్రిలో ఒక హోటల్లో పెట్టారు. అందులో పోతే ఏంటి సంగతి అని నాన్నగారిని అడిగాను. "అదీ ఒకటి కిందే లెక్క" అన్నారు. ఇంక చూసుకోండి నా పరిస్థితి. తప్పితే బి.ఇడి., నెగ్గితే మస్కట్.

బస్సులో దారి పొడవునా పాఠం వల్లించుకున్నాను. సిద్ధాంతం బ్రిడ్జి మీద గోదావరి గాలికి ఒళ్ళు మరిచి "ప్లీజ్ సిట్ డౌన్" అని పైకే అనేశాను. పక్కనున్న పెద్దావిడ "కూర్చునే ఉన్నాను కదమ్మా" అంది.

హోటల్ హాల్లో పదిమంది దాకా ఉన్నాం. ముందు ఒక నెరిసిన జుట్టు దొరసాని. నా వంతు రాగానే, "ఇప్పుడు నాకు ఇంగ్లీషు రాదు, మీ భాషా రాదు. ఒక్క వాక్యం నేర్పండి" అన్నారు. కుర్చీ చూపించి, చేత్తో సైగ చేసి, బస్సులో వల్లించిన వాక్యం స్పష్టంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని తిరిగి అన్నారు.

"ప్లీజ్ సిట్ డౌనండి."

ఈవిడకి అండి ఎక్కడిదబ్బా అనుకున్నాను. మళ్ళీ చెప్పాను. ఆవిడ మళ్ళీ అండి అన్నారు.

"నో అండి, మేడమండి" అన్నాను.

"నో అండి, మేడమండి" అన్నారావిడ.

వెనక అందరూ గొల్లుమన్నారు. అప్పుడు తెలిసింది, ఆ అండి నాదేనని. ఇన్నేళ్ళూ నేను ఇంగ్లీషుకి అండి తగిలించే చెబుతున్నాను. మా స్కూల్లో అది ఎవరికీ వినపడలేదు. ఎలా వినపడుతుంది, అందరి నోళ్ళలోనూ అదే ఉందాయె. నా చెవులు వేడెక్కాయి. బి.ఇడి. కాలేజీ గేటు కళ్ళ ముందు కనిపించింది.

ఏం తోచిందో, నా హ్యాండుబ్యాగు తీసి కుర్చీ ముందు నేల మీద పెట్టాను. దాన్ని చిన్నపిల్లనుకుని వేలు చూపించి "సిట్ డౌన్" అన్నాను. తర్వాత దొరసాని వైపు తిరిగి, చేతులు జోడించి, నాలుక పళ్ళ మధ్య బిగబట్టినంత జాగ్రత్తగా "ప్లీజ్ సిట్ డౌన్" అన్నాను. అండి లేదు. ఆవిడ నా ముఖం చూశారు, బ్యాగు చూశారు. బ్యాగుతో "సిట్ డౌన్" అన్నారు. నాతో "ప్లీజ్ సిట్ డౌన్" అన్నారు. అని, తనే కుర్చీలో కూర్చున్నారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"అండి అంటే ప్లీజా?" అని అడిగారు, మళ్ళీ ఇంగ్లీషు వచ్చిన మనిషై.

"ప్లీజ్ అవసరముంటేనే అంటామండి. అండి ఎప్పుడూ అంటాం."

ఆవిడ గట్టిగా నవ్వి, "తప్పు వినపడగానే పాఠం మార్చారు. హైదరాబాదు రండి" అన్నారు.

ఆ నెల రోజుల్లో నా వెనక కూర్చుని చూసినవాళ్ళందరూ కలిసి నా అండిని చాలావరకు వదిలించారు. పూర్తిగా మాత్రం వాళ్ళ వల్ల కాలేదు. మస్కట్‌లో ఉద్యోగమొచ్చాక కూడా, క్లాసు బాగా నడిచి నాకు హుషారెక్కితే అది నోరు జారేది.

అక్కడ ఒక సాయంత్రం క్లాసు మొదలవబోతుంటే నా విద్యార్థి ఒకడు, పఠాన్ డ్రైవరు, ఎవరినో వెంటబెట్టుకొచ్చాడు. నేతచీర కట్టుకున్న ఆడమనిషి. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"వీడికి కొట్టులో దారిచ్చానండి. థాంక్యూ అండి అన్నాడు. ఎవరు నేర్పారని వచ్చీరాని హిందీలో అడిగితే ఇక్కడికి తీసుకొచ్చాడు" అని, కాస్త తటపటాయించి అడిగింది. "ఏ ఊరండి మనది?"

"పాలకొల్లండి."

"మాది మొగల్తూరండి. ఇక్కడ ఒకరింట్లో పని. మా మేడమ్ ఏమంటుందో సగం అర్థం కాదు. మాలాంటోళ్ళకి కూడా చెప్తారా అండి?"

ముందు వరసలో ఉన్న కుర్చీ లాగి చూపించాను.

"ప్లీజ్ సిట్ డౌనండి" అన్నాను. ఈసారి కావాలనే అన్నాను.