దాచుకున్న పేరు

నాకు కూతురు పుడితే పెట్టాలని ఒక పేరు దాచుకున్నాను. ఆ పేరు ఇక్కడ రాయను. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఫిజీ దీవుల్లో, లౌటోకాలో ఒకటో తరగతి టీచరుని నేను. ఏటా కొత్త పిల్లల పట్టీ చేతికి రాగానే ముందు ఆ పేరుందేమోనని వెతికేదాన్ని, లేకపోతే హమ్మయ్య అనుకునేదాన్ని. ఒక ఏడాది అదే పేరున్న పిల్ల వచ్చింది. ఏడాదంతా ఆ పిల్లని "బేటీ" అన్నాను తప్ప పేరు పెట్టి పిలవలేదు. పిచ్చిదాన్నంటారా, అనండి.

డెబ్బైలో ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చేనాటికి నాకు ఏడేళ్లు. ముప్పై ఆరో ఏట క్యాన్సరని కుడి రొమ్ము తీసేశారు. అప్పటికి పెళ్లయి తొమ్మిదేళ్లు. రెండుసార్లు నెల తప్పాను, రెండుసార్లూ కడుపు నిలవలేదు. రొమ్ము పోయిన ఎనిమిది నెలలకి డాక్టరు మళ్లీ కూర్చోబెట్టాడు. ఈ జబ్బుని పెంచే హార్మోను నా అండాశయాల్లోనే తయారవుతోందట. దాన్ని అణిచే మాత్రలు ఇక్కడికి ఒక నెల వస్తే ఇంకో నెల రావు. రెండు అండాశయాలూ తీసేస్తే జబ్బు తిరగబెట్టే భయం తగ్గుతుందట. బయటి దేశం నుంచి వచ్చే సర్జన్లు సోమవారం దిగి శుక్రవారం వెళ్లిపోతారు, మళ్లీ వచ్చే ఏడాదే. గురువారం పొద్దుటికల్లా కాగితం సంతకంతో ఇవ్వాలి.

"ఒక్క ఏడాది ఆగితే? ఒక్క బిడ్డ పుట్టేదాకా?" అని బతిమాలాను.

"నేనాగుతాను మేడమ్. జబ్బు ఆగుతుందని మాత్రం చెప్పలేను" అన్నాడు.

రొమ్ము అడిగారు, ఇచ్చాను. ఇప్పుడిదా! ఇంకేం మిగులుస్తారని ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. దారిన పోయే ఒక ఫిజియన్ ముసలమ్మ ఆగి, ఏమీ అడగకుండా నా వీపు నిమిరి వెళ్లింది.

కాగితం మీద మొగుడి సంతకం కూడా ఉండాలి. మా ఆయన చక్కెర మిల్లులో ఫిట్టరు. పని నుంచి వచ్చి చేతులైనా కడుక్కోకుండా సంతకం పడేశాడు. మూలన గ్రీజు మరక పడింది. నేను ఒంటికాలి మీద లేచాను.

"అంత తొందరేమొచ్చింది? నన్నొక్క మాట అడిగావా?"

"నువ్వుంటే నాకు బస్. ఇంకేం వద్దు."

"నాకు బస్ కాదు! నాకు చాలదు!"

పళ్లెం తోసేసి వెళ్లి, యంగోనా అనే మత్తు కషాయం గిన్నె చుట్టూ కూర్చున్న స్నేహితుల్లో కలిశాడు. అక్కడ చెప్పుకుని ఏడ్చాడట. మర్నాటికి వీధి వీధంతా నా కడుపు సంగతే. ఛీ, ఏం మనిషి అనుకున్నాను. వేరే దీవిలో, లబాసా దగ్గర వాయిలేవులో ఉండే తన తమ్ముడికి కూడా ఫోన్ చేశాడని అప్పుడు నాకు తెలియదు.

బుధవారం మధ్యాహ్నం ఆ తమ్ముడి పెళ్లాం, మా తోటికోడలు, గుమ్మంలో నిలబడింది. ఆరో నెల కడుపుతో పడవెక్కి, బస్సెక్కి, కాళ్లు వాచిపోయి వచ్చింది. ఇంటి దగ్గర అప్పటికే ఇద్దరు పిల్లలు. చెప్పులు విప్పకుండానే అంది:

"అక్కా, నువ్వు సైన్ చెయ్యి. ఈ బచ్చా నీది. పుట్టగానే తీస్కపో."

మా వాళ్లలో ఇది కొత్తేం కాదు. పిల్లల్లేనివాళ్లకి తోబుట్టువులు ఒక బిడ్డనిస్తారు. మా మామగారు అలా పెదనాన్న ఇంట పెరిగినవాడే. అయినా నాకు తల కొట్టేసినట్టయింది.

"నోర్ముయ్! నేనేమైనా ముష్టి అడిగానా?"

ఆమె పట్టించుకోలేదు. నా చెయ్యి లాగి తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది. అంతే, నా పంతమంతా నీరుగారిపోయింది. ఇంత సిగ్గులేనిదాన్నా నేను అని అనుకుంటూనే అడిగాను, "ఆడపిల్లయితే?"

"ఆడపిల్లయినా నీదే. పేరేం పెడతావ్, చెప్పు."

చెప్పాను. ఆ పేరు నా నోట పైకి రావడం అదే మొదలు. ఆమె రెండుసార్లు అనుకుంది, గుర్తు పెట్టుకోవడానికి. నేను సంతకం పెట్టాను. బోర్డు మీద ముత్యాల్లా రాసే చెయ్యి, అక్షరాలు వంకరపోయాయి.

ఆపరేషన్ అయ్యాక ఒళ్లంతా సెగలు. ముప్పై ఆరేళ్లకే ముట్లుడిగిన ముసలిదాన్నయ్యాను. అయినా నవ్వుతూనే తిరిగాను. మూడు నెలల్లో ఆరు గౌన్లు కుట్టాను. బడిలో సెలవు కూడా అడిగి పెట్టుకున్నాను.

ఆడపిల్లే పుట్టిందని ఫోన్ రాగానే గౌన్ల సంచి పట్టుకుని పడవెక్కాం. వాయిలేవులో ఆ ఇంటి చుట్టూ చెరుకు తోట. నేను గదిలోకి వెళ్లేసరికి తోటికోడలు బిడ్డకి పాలిస్తోంది. మరిది నన్ను చూసి తల దించుకుని బయటికి పోయాడు.

"ఇటివ్వు" అని చేతులు చాచాను.

ఆమె బిడ్డని ఇంకా దగ్గరికి లాక్కుంది. "ఇయ్యలేను అక్కా. ఆ రోజే నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఇయ్యలేనని. నువ్వు సైన్ చెయ్యవని బావగారు ఫోన్‌లో బాగా ఏడ్చారు. నువ్వు చచ్చిపోతావని నాకు డర్ వేసింది. బచ్చా ఇస్తానంటే చేస్తావని..." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పేరు మాత్రం నువ్వు చెప్పిందే అక్కా. బర్త్ పేపర్లో రాయించాం."

నేను సంతోషిస్తాననుకుంది పాపం!

"అది కూడా తీసేసుకున్నావా!" అని అరిచాను. పసిది ఉలిక్కిపడి కెవ్వుమంది. సంచి అక్కడే పడేసి బయటికి వచ్చేశాను. ఆ రాత్రి పడవకే లౌటోకా బయల్దేరాం.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. జబ్బు తిరగబెట్టలేదు. ఆమె అబద్ధం ఆడకపోతే ఆ కాగితం చింపేసేదాన్నని నాకు తెలుసు. బతికించింది. ఇన్నేళ్లూ ఆమెని క్షమించలేకపోయాను. రెండూ నిజమే.

మొన్న ఆ పిల్ల వచ్చింది. రాజధాని సువాలో కాలేజీలో చేరిందట, చుట్టు దారైనా వచ్చి మా ఇంట్లో రెండు రోజులుంది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి అడిగింది, "పెద్దమ్మా, నువ్వెప్పుడూ నన్ను బేటీ అనే అంటావ్. నా పేరు బాగా లేదా?"

"బస్సు వచ్చే టైమైంది, పద" అన్నాను. అది బ్యాగు భుజానికేసుకుని మెట్లు దిగుతుంటే, చివరికి, ఆ పేరు పెట్టి పిలిచాను.

"ఆఁ, పెద్దమ్మా?" అని వెనక్కి తిరిగింది.

నా కూతురైతే "అమ్మా" అనేది.