ఎంగిలి చేసిన కాయం

ఒకసారి మా తమ్ముడి ఇంటికి పసుపు పంపించి, రెండు రోజులాగి ఫోన్ చేసి, "ఊరగాయ ఎలాగుందే?" అని అడిగాను. "అదిరిపోయింది వదినా! మీ తమ్ముడైతే వేళ్ళు నాకేత్తన్నారు" అంది మా మరదలు. పసుపు వేళ్ళు నాకడమేమిటి, నా మొహం! పొట్లం విప్పనైనా విప్పలేదని ఆ రోజే నాకు రూఢి అయింది.

మాకు డుంబ్రిగుడలో కిరాణా కొట్టుంది. విజయనగరంలో పుట్టి పెరిగిన నేను పెళ్ళితో కొండెక్కి ఇక్కడే ఉండిపోయాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. పనసపొట్టు ఊరగాయ, అల్లం పచ్చడి, కొమ్ములు ఉడకబెట్టి ఎండబెట్టి దంచిన పసుపు, ఏది చేసినా మొదటి సీసా తమ్ముడి ఇంటికే. బస్సు డ్రైవర్ని బతిమాలి మరీ పంపిస్తాను. అటునుంచి ఎప్పుడూ ఒకటే మాట, "బాగుంది వదినా." ఒక్కసారైనా ఉప్పెక్కువైందనో, కారం చాల్లేదనో అనదు. నిజంగా తిన్నవాళ్ళు ఏదో ఒక వంక పెట్టకుండా ఉంటారా? మా ఆయన ఒక్క ముద్ద తిని మూడు వంకలు పెడతాడు. అందుకే వంక లేని మెప్పు వింటే నాకు అనుమానం.

"ఇచ్చీసేక ఆళ్ళేటి సేసుకుంటే నీకేటి? సీఐడీ ఉద్యోగమేటి నీది?" అని మా ఆయన వెక్కిరిస్తాడు. ఆయనకేం, అల్లం తొక్క తీసి వేళ్ళు మండేది నాకు.

పై ఊరి నుంచి సంతకు అల్లం, పిప్పళ్ళు తెచ్చే గిరిజన మనిషి ఒకామె ఉంది. నా ఈడుదే. ఆవిడ బుట్ట మూతను అడ్డతీగ నారతో కడుతుంది. ఆ ముడి కోస్తే ఊడాలి తప్ప వేళ్ళతో విప్పడం ఎవరి తరమూ కాదు. నాకు నేర్పమన్నాను. ఎందుకని అడిగితే ఉన్నమాటే చెప్పాను. "మా తమ్ముడోలు నేను పంపినవి తింతన్నారో పారేత్తన్నారో తెలవాల." ఆవిడ పగలబడి నవ్వి, నా వేళ్ళు పట్టుకుని నేర్పింది. ఆనాటి నుంచీ ప్రతి సీసాకూ మూత మీద గుడ్డ, గుడ్డ మీద ఆ ముడి.

మంచిదే గానీ, ఆవిడకో పాడలవాటు ఉంది. సంతకు వచ్చినప్పుడల్లా నాకోసం అడ్డాకులో చుట్టి కాల్చిన చోడిరొట్టె, అదే రాగిరొట్టె, తెస్తుంది. తెచ్చింది తెచ్చినట్టు ఇవ్వొచ్చు కదా? ముందు తను ఒక అంచు కొరికి, నమిలి, మింగి, అప్పుడు మిగతాది నా చేతిలో పెడుతుంది. ఎంగిలి ఎవరు తింటారు? ఆవిడ ముందు నవ్వుతూ తీసుకుని, అటు తిరగ్గానే వీధిలో ఆవుకు వేసేసేదాన్ని. సంతలో ఎవరేం పెట్టినా నోట్లో వేసుకోకని మా అత్తగారు నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది. కొండవాళ్ళు మందు పెడతారని ఆవిడ భయం. నాకు మందు మీద నమ్మకం లేదు గానీ ఎంగిలి మీద ఉంది.

ఈ ఏడు మా మేనకోడలు పురిటికి పుట్టింటికి వచ్చింది. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపేది ఆ గుంట. నేను కలిపి పెడితే తప్ప ముద్ద ముట్టేది కాదు. నాకిద్దరూ మగపిల్లలే, ఆడపిల్ల ముచ్చటంతా దాంతోనే తీర్చుకున్నాను. నెలలు నిండాక ఫోన్లో, "అత్తా, కాయం నువ్వే సెయ్యాల, నువ్వే వొచ్చి పెట్టాల" అంది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. వెనకే అనుమానమూ వచ్చింది. దాని తల్లి పెట్టనిస్తుందా? ఊరగాయలు అటకెక్కినా, కాలవలో పడ్డా సరే, ఈ కాయం మాత్రం ఆ పిల్ల నోట్లో పడాలి. పడకపోతే ఆ ఇంట్లో నేను పైమనిషినే.

ఆడపిల్ల పుట్టిందని కబురు రాగానే కాయం మొదలుపెట్టాను. బాలింతకు పొద్దున్నే తినిపించే మందు అది, ఒక రకం మిఠాయి కూడానూ. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోస్తూ ఉడికించి ఉండలు చెయ్యాలి. పిప్పళ్ళు ఎవరికని సంతలో ఆ బుట్ట ఆవిడ అడిగింది. చెప్పాను. తూచిన పిప్పళ్ళను మళ్ళీ కింద పోసుకుని, నల్లగా నిగనిగలాడేవి ఏరి ఇచ్చింది. "బాలింత గదా, పుచ్చులు ఎల్లకూడదు" అంది.

సీసా ఒళ్ళో పెట్టుకుని ఘాట్ రోడ్డు వంపులన్నీ తట్టుకుని విజయనగరం చేరాను. మా మరదలు కాళ్ళకు నీళ్ళిచ్చింది, కాఫీ ఇచ్చింది. కాయం సీసా మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు. "అక్కడెట్టండి వదినా, తరవాత సూద్దాం" అంది. తరవాతేమిటి? తను బాలింతకు నీళ్ళు పొయ్యడానికి పెరట్లోకి వెళ్ళగానే స్టూలేసుకుని వంటింటి అటక చూశాను. గ్రైండర్ వెనకాల నా సీసాలన్నీ వరసగా ఉన్నాయి. దుమ్ము పట్టాయి. ఒక్క ముడీ కోసిలేదు.

అన్నీ దింపి గట్టు మీద పెట్టాను. మరదలు తిరిగొచ్చి చూసింది. ముడులు చూపించి నిలదీశాను.

"ఏటివి? బాగుంది వదినా, బాగుంది వదినా అని ఏ నోటితో అన్నావే?"

"అరవకండి వదినా, సంటిది లేస్తాది. మీమీద అనుమానం కాదు. మీరు మా మనిషే. ఆ అల్లం, ఆ పసుపు ఎవులి సేతుల మీంచి వొత్తన్నాయో మీకు తెలుసేటి? కొండోలు మందెడతారని మాయమ్మ సెప్పేది. పారీడానికి మనసొప్పక అటకెక్కించీసేను."

"ఇన్నేళ్ళూ నేను తింతన్నాను కదే! నాకేటయింది?"

"మీకు అలవాటయిపోనాది" అంది.

ఒళ్ళు మండిపోయింది నాకు. అంతలో మేనకోడలు తలకు గుడ్డ చుట్టుకుని లోపలికి వచ్చింది. "అత్తా, కాయం తెచ్చావా?" అంటూ రెండడుగులు వేసి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది. ఆ ఆగడం చూసి నా ప్రాణం ఉసూరుమంది. కత్తిపీట లాగి నా ముడి నేనే కోశాను. ఒక ఉండ తీసి సగం కొరికి, ఇద్దరి ముందూ నమిలి మింగాను. "సూడండి, సచ్చిపోనానా?" అని మిగతా సగం పిల్ల నోటి దగ్గర పెట్టాను.

పిప్పలి ఘాటు గొంతులో మండుతుంటే అప్పుడు తట్టింది. మా కొట్టు గుమ్మంలో నిలబడి, రొట్టె అంచు కొరికి, మింగి, నా ముఖంలోకి చూస్తూ మిగతాది చాపే ఆ చెయ్యి. ఆవిడకు మర్యాద తెలియక కాదు. మా అత్తగారి మాట ఆవిడకూ తెలుసు.

"ఓలమ్మో, ఎంగిలి సేసీసేరేటి వదినా! పచ్చి బాలింత, ఎంగిలి ఎలాగ తింతాది?" అంది మరదలు. మేనకోడలు తల దించుకుని, "తరవాత తింటాన్లే అత్తా" అంది. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను. దారిపొడుగునా ఏడ్చాను, సిగ్గేముంది చెప్పుకోవడానికి.

తర్వాతి సంతకు ఆవిడ వచ్చింది. బుట్ట దించి, ఆకు విప్పి, అంచు కొరికి, రొట్టె నా చేతిలో పెట్టింది. నేను ఆవిడ కొరికిన వైపే కొరికాను. అల్లం కుమ్మరిస్తున్నదల్లా ఆగి నన్ను చూసింది.

"ఏటమ్మా, ఇయ్యేల ఆవుకి ఎయ్యవేటి?"

"తెలిసే తెచ్చేదానివా ఇన్నాళ్ళూ? ఎందుకు?" అని అడిగాను.

"నువ్వు మీ తమ్ముడోలకి అంపడం మానీసినావేటి?" అంది, అల్లం మట్టి దులుపుకుంటూ.

అక్కడే నిలబడి రొట్టె మొత్తం తినేశాను. ఆవిడ బుట్ట సర్దుకుని లేస్తుంటే, "బాగుంది గానీ, అడుగు మాడ్చీసినావు" అన్నాను.