అర్జీలో నాకు తగిలించిన మాట

డెబ్బైల చివర్లో నేను మదనపల్లెలో తెలుగు పంతులమ్మను. మా ఆయన కుప్పంలో ఒక ఆఫీసులో గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సులో వచ్చి, సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవారు. ట్రాన్స్‌ఫర్ సంగతి అడిగితే, "యాడిస్తారు? మా ఆఫీసరుది రాతిగుండె" అనేవారు. మూడేళ్లపాటు ఆ ఆఫీసరును నేను తిట్టుకోని రోజు లేదు.

ఒక ఎండాకాలంలో మా ఆయనకు జ్వరమని తెలిసి కుప్పం వెళ్లాను. రెండు రోజులు గంజి కాచి పోశాను. మూడో రోజు ఆయన ఆఫీసుకు పోయాక పెట్టె సర్దుతుంటే, చొక్కాల అడుగున టైపు చేసిన కాగితం ఒకటి దొరికింది. కింద ఆయన సంతకం. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. 'మదనపల్లె', 'ట్రాన్స్‌ఫర్' అన్న మాటలు చూసి, మా కోసం పెట్టుకున్న అర్జీయే అనుకుని పొంగిపోయాను. 'వైఫ్' అన్న చోట దాని ముందు నాకు తెలియని మాట ఒకటుంది: 'ఎస్ట్రేంజ్డ్'. దూరాన ఒంటరిగా ఉన్న భార్య అని రాశారేమో అనుకున్నాను. ఆ వాక్యం మొత్తం చీటీ మీద ఎక్కించుకున్నాను.

బడికి తిరిగి వచ్చాక మా ఇంగ్లీషు మాస్టారికి చూపించాను.

"స్ట్రేంజర్ అంటే తెలుసు గదమ్మా, పరాయోడు. ఒకప్పుడు దగ్గరగా ఉండి, ఇప్పుడు పరాయోళ్లయిపోయినారు అంటే ఈ మాట వాడతారు. మొగుడూపెండ్లాలకు, అన్నదమ్ములకు" అన్నారాయన.

"ఉద్యోగం కోసరం వేరే ఊర్లో ఉంటే వాడొచ్చా సార్?"

"వాడకూడదమ్మా. ఊర్లు వేరైతే చాలదు. మనసు విరగాల." మిగతా వాక్యం చదివారు. "విడిపోయిన పెండ్లాము ఆ ఊర్లోనే ఉండాది, దయచేసి నన్ను మదనపల్లెకు వెయ్యొద్దండి అని ఎవరో..."

నా మొహం చూసి ఆగిపోయారు. క్లాసుకు టైమైందంటూ లేచారు. ఆ పిరియడ్‌లో ఆయనకు క్లాసు లేదని నాకు తెలుసు.

ఆ శనివారం మా ఆయన కనకాంబరాలు తెచ్చారు. అన్నం పెట్టాక అడిగాను.

"మనం ఎప్పుడు విడిపోయినాం?"

"ఏం మాటలే అవి?"

చీటీ ముందు పెట్టాను. చదివి, ఎడం చేత్తో పక్కకు జరిపారు.

"ఆఫీసు రాతలు. అట్ల రాస్తేనే వింటారు."

"వాళ్లు ఇస్తామంటే మీరే గదా వద్దనింది! ఆడ ఇంకెవరన్నా ఉండారా?"

"దేవుని తోడు, ఎవరూ లేరు." కంచంలో చెయ్యి అలాగే పెట్టుకుని మెల్లగా అన్నారు. "ఆడ నాకు నిమ్మళంగా ఉండాది. వారానికి ఒక దినం నీ దగ్గర బాగానే ఉంటాది. దినామూ అంటేనే..."

ఇంకొకతె ఉండి ఉంటే తిట్టుకోవడానికి నాకొక మనిషి దొరికేది. ఎవరూ లేకుండానే ఆయన నన్ను వద్దనుకున్నారు. పూలు తెస్తూనే, నవ్వుతూనే, నేను కట్టిచ్చిన టిఫిను తీసుకుపోతూనే వద్దనుకున్నారు.

మరుసటి ఏడు నేను పుంగనూరుకు మార్పించుకుని అమ్మ దగ్గరికి చేరాను. ఆయన రెండుసార్లు వచ్చారు. రెండోసారి బస్టాండు దాకా వెళ్లి, ఇంక రావద్దని చెప్పాను. సరేనన్నారు. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేదో నాకిప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పాను. సంగటి ముద్ద చేస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇన్నేండ్లు కాపురం చేసి నీకు ఏమీ తెలీలేదా అమ్మా?" అంది.

తెలీలేదన్నాను. ఆయన మోసం కంటే, ఆ జవాబు చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గేసింది.