చెరిసగం తోడేళ్లు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో దొడ్డబళ్ళాపురం నుంచి బెంగళూరు పేటలో బట్టల కొట్టున్న ఇంటికి కోడలినై వచ్చాను. అక్కడ నాకంటే ముందే వచ్చిన కోడలొకామె ఉంది, మా బావగారి భార్య. నోటితో మాత్రం ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. కాపురానికి వచ్చిన మొదటి వారమే నేను పెట్టిన చారును అందరి ఎదుటా తూములో పారబోసిన మనిషి ఆమె.

ముందుగదిలో అద్దెకున్నవాళ్లు మద్రాసు వెళ్లిపోతూ నాకొక తెలుగు నవల ఇచ్చారు. పున్నమికి తోడేళ్లుగా మారే అన్నదమ్ముల కథ. భయపడతాననుకున్నాను. తీరా చూస్తే వాళ్లవీ సంసారపు తంటాలే. పెద్దవాడు తన సంగతి పెళ్లాం దగ్గర దాస్తాడు. చిన్నవాడికి ఊళ్లో ఒక ఆడది, అడవిలో ఒక ఆడతోడేలు. ముసలితల్లి ఇద్దరికీ అడవి పంచలేక ఏడుస్తుంది. రేషన్ బియ్యం వరుసలో సంచి చంకన పెట్టుకుని, నిలబడే చదివేదాన్ని. వరుస కదిలితే విసుగొచ్చేది.

తోడికోడలికి అది కంటగింపైంది.

"చూడత్తా, తోడేలు కతలు సదువుతా ఉండాది. ఇది సంసారం చేసే ఆడదేనా?"

"ఒలెలో పెట్టి కాల్చుపో," అంది అత్త, పొయ్యి చూపిస్తూ.

రాగుల డబ్బా వెనక దాచాను. ఒక మధ్యాహ్నం చూస్తే, పెరట్లో కూర్చుని తోడికోడలే దాన్ని చదువుతోంది! లాక్కోబోయాను. వదల్లేదు. కుట్టు తెగి పుస్తకం రెండు ముక్కలైంది. తొలి సగం నా చేతిలో, మలి సగం ఆమె చేతిలో.

"నాది నాకియ్యి అక్కా."

"నీ పేరు రాసుండాదా దీని మీద?"

నాకు చివర తెలియదు, ఆమెకు మొదలు తెలియదు. కొన్నాళ్లకు ఆమే ఆగలేకపోయింది. రోలు దగ్గర, నా మొహం చూడకుండా అడిగింది.

"ఏమ్మే, ఆ పెద్దోనికి రెండు వేళ్లు లేవంట. ఎట్ల పోయినాయి?"

తోడేలు రూపంలో ఇంటికొస్తే సొంత పెళ్లామే గుర్తుపట్టక కొడవలి విసిరింది. అది ఆమెకెందుకు చెప్తాను?

"మొసలి కొరికింది," అన్నాను.

నమ్మలేదు. "అట్లనా? అయితే నువ్వూ ఇను. కడాకు పెండ్లామే వాన్ని బావిలోకి తోస్తాది. అయిపాయె కత," అని నవ్వింది.

ఏడుపొచ్చింది. ఆపైన ఉప్పు కావాలన్నా అత్తతోనే అడిగించుకున్నాను.

ఆమె కాన్పుకు పుట్టిల్లు వర్తూరు వెళ్లగానే ఆమె పక్కబట్టలు వెతికి, ఆ సగం తీసి చదివాను. బావీ లేదు, చావూ లేదు. మొగుడూ పెళ్లాలు ఊరు మారిపోతారు, అంతే. చప్పగా ఉంది. ఆమె ఆడిన అబద్ధమే బాగుందనిపించేసరికి ఒళ్లు మండింది.

పసిబిడ్డతో తిరిగొచ్చిన రోజే పక్కబట్టలు దులుపుతూ కనిపెట్టింది.

"నా ముక్క తీసినావా?"

"తీసినా."

"ఎట్ల ఉండాది?"

బిడ్డను భుజాన వేసుకుని జవాబు కోసం నిలబడింది. నేను బిందె తీసుకుని కొళాయికి పోయాను. ఏడాది తిరక్కుండానే వేరు పొయ్యిలు పెట్టుకున్నాం. నా సగం ఆమె అడగలేదు, నేను ఇవ్వలేదు.