డుంబ్రిగుడలో పడిపోయిన డిస్కులు

2022 చలికాలం. చుట్టుపక్కల గిరిజన గ్రామాల పెద్దవాళ్ళ పాటలూ కథలూ రికార్డు చేసి దాచే చిన్న సంస్థ ఒకటి డుంబ్రిగుడలో ఉంది. ఆ రికార్డింగులన్నీ ఉండే వాళ్ళ యూనిక్స్ సర్వర్ బాగోగులు నావి. విశాఖపట్నం నుంచి అంత దూరం రమ్మంటే పైకి విసుక్కుంటాను గానీ లోపల సంతోషమే. ఘాట్ ఎక్కగానే ఫోన్ సిగ్నల్ పోతుంది, మా ఆఫీసు పీడ విరగడవుతుంది.

అక్కడి తాళాలు సుక్రి దగ్గరుంటాయి. నలభై దాటిన మనిషి. గదులు ఊడవడం దగ్గర్నుంచి ముసలమ్మల్ని బతిమాలి మైకు ముందు కూర్చోబెట్టడం దాకా అన్నీ ఆవిడే. ఒకరోజు పొద్దున్నే సంస్థ ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేసింది.

"సారూ, మిషను మళ్ళీ ఎర్ర లైటెట్టింది. బేగి రండి."

ఆ "మళ్ళీ"కి నాకు ఒళ్ళు మండింది. వారం కిందటే వెళ్ళి డిస్కు మార్చి వచ్చాను. ఆ సర్వర్లో డిస్కులన్నీ ఒక జట్టుగా పనిచేస్తాయి. దాన్ని రెయిడ్ అంటాం. ఒకటి పోయినా మిగతావి లాక్కొస్తాయి. అది మార్చేలోగా ఇంకోటి పోయిందంటే డేటా దక్కదు. ఏడాదికోసారి కాపీ పట్నం పంపుతారు గానీ ఆ ఏడాది రికార్డింగులు ఇంకా వెళ్ళలేదు. వాటిలో సుక్రి తల్లి సొంబారి పాటలున్నాయి. అవి పాడిన కొద్ది రోజులకే ఆవిడ పోయింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

నేను వెళ్ళేసరికి సుక్రి గుమ్మంలోనే ఉంది.

"అమ్మ పాటలున్నాయా సారూ, పోనాయా?"

"ఉంటాయిలేమ్మా. ముందు కాస్త టీ తాగనీ" అన్నాను. నిజానికి నాకూ భయంగానే ఉంది.

ముందుగా కొత్త రికార్డింగులు బయటి డిస్కులోకి కాపీ పెట్టాను. సొంబారి పాటల దాకా రాకుండానే ఆగిపోయింది. సర్వర్ తనకు జరిగినదంతా తానే రాసుకునే లాగ్ తెరిచాను. ఈసారి జట్టులోంచి పడిపోయింది నేను పెట్టిన కొత్త డిస్కే. డిస్కు తన ఆరోగ్యం గురించి తానిచ్చే స్మార్ట్ రిపోర్టులో ఏ జబ్బూ లేదు. పాడైందని తీసుకెళ్ళిన పాతదాన్ని ఇంటి దగ్గర పరీక్షిస్తే అదీ నిక్షేపంగా ఉంది. మిగతావి కూడా అప్పుడప్పుడు జవాబివ్వడం మానేసి తేరుకుంటున్నాయి. డిస్కులన్నీ కూడబలుక్కుని జబ్బు పడవు. అందుకని నా అనుమానం కంట్రోలర్ మీదికి పోయింది. డిస్కులకీ సర్వర్‌కీ మధ్య రాకపోకలు నడిపే కార్డు అది. ఇంకో విడ్డూరం ఏమిటంటే, ఇన్నాళ్ళూ తప్పులన్నీ రాత్రిపూటే. పగలు బుద్ధిగా ఉన్న సర్వర్, ఇవాళ పగలు కూడా మొరాయించింది.

మూత విప్పాను. కార్డు వేడిని లాగేసే అల్యూమినియం రేకుల మధ్య ఎర్రటి ఉన్ని నూగు దట్టంగా పేరుకుని ఉంది.

"ఇదేటి సుక్రమ్మా?" నాకూ వాళ్ళ యాస వచ్చేసింది.

ఆవిడ కొంగు నలుపుతూ వెళ్ళి బీరువా వెనక నుంచి ఎర్ర దుప్పటి తీసింది.

"సాయంత్రం ఎల్లేటప్పుడు కప్పెల్తన్నాను సారూ. పొద్దున్నే తీసేత్తన్నాను. మాసిపోయుంది, మీరు సూత్తే బాగోదని దాసీసినాను."

"మిషనుకి దుప్పటేటమ్మా!" గట్టిగానే అరిచాను. గాలాడక కార్డు రాత్రంతా ఉడికిపోయేది, దుప్పటి తీశాక చల్లబడేది. ఉడికీ ఉడికీ చివరికి పాడైపోయింది.

సుక్రి నా అరుపు పట్టించుకోలేదు. "అమ్మ ఆకరి పాట ఇన్నారా సారూ? పాటయ్యాక నాతో మా బాసలో ఓ మాటంటది. 'సాలు గుంటా, సలేత్తంది, దుప్పటి తే' అని. నాను తెచ్చీసరికి రికార్డింగు ఆపీసినారు. అమ్మకి కప్పినాను సారూ. కప్పినట్టు అందులో నేదు."

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అరిచినందుకు సిగ్గేసింది. పాత డిస్కు బాగానే ఉందని తేలాక ఎందుకైనా మంచిదని వెంట తెచ్చుకున్న కొత్త కార్డు బిగించి స్విచ్ వేశాను. డిస్కులు ఒక్కొక్కటే జవాబిచ్చాయి. ముందు సొంబారి పాటే పెట్టాను. చివర్లో ఆ ముసలి గొంతు దుప్పటి అడిగింది. సుక్రి నవ్వింది, ఏడ్చింది కూడా.

"ఇంక కప్పొద్దా సారూ?"

"పైన వద్దు" అన్నాను. సర్వర్ అడుగున గాలి రంధ్రాలు లేవని చూసుకుని, దుప్పటి మడతపెట్టి బల్ల మీద వేసి, దాని మీద సర్వర్ పెట్టాను. ఏ మాన్యువల్లోనూ లేని పని.

అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా, ఏం చెడిందని అడిగే ముందు దీన్ని మీరెలా చూసుకుంటారని అడుగుతున్నాను. సగం జబ్బులు ఆ జవాబులోనే దొరుకుతాయి.

ఈ మధ్య మళ్ళీ వెళ్ళాను. సర్వర్ ఆ దుప్పటి మీదే ఉంది. దుప్పటి శుభ్రంగా ఉతికి ఉంది. దుప్పటి తీసేటప్పుడు అంత బరువున్న సర్వర్‌ని ఎవరెత్తి పట్టుకున్నారని నేను అడగలేదు.