మేడం మెచ్చిన నాలుగో దర్శకుడు

పోయిన గురువారం సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు, ఎల్బీనగర్‌లో కదిలిన షేర్ ఆటోలో మా అమ్మ మాట వినిపించింది. అమ్మ పోయి ముప్పై ఒక్క ఏళ్లు. నా పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి చేతిలోని ఫోన్‌లోంచి వచ్చింది ఆ మాట. "నువ్వచ్చేదాక సావ తియ్. పో. వచ్చేటప్పుడు జర సంత్ర పండ్లు తే." ఆ వెంటనే ఎవరో అతికించిన నవ్వుల మోత. ఎదురుగా కూర్చున్న ఇద్దరు కూడా నవ్వారు. డ్రైవరు వెనక్కి తిరగకుండానే, "జర సౌండ్ పెంచు చెల్లె" అన్నాడు.

"ఎవరన్నరు బిడ్డ ఆ మాట?" అని అడిగాను.

"గీ పనామె, అమ్మమ్మ. పేరు తెల్వదు, పాత సినిమాల కామెడీ ఆమె. మా హాస్టల్ల ఎవలన్న ఊరికి పోతుంటే అందరం గిదే అంటం." ఆమె తెరను నా వైపు తిప్పి మళ్లీ పెట్టింది. తుర్కయాంజాల్ వచ్చేలోపు ఇంకో మూడుసార్లు విన్నాను. ఆ మాట అన్నది పనామె కాదనీ, మా అమ్మ అనీ ఆ పిల్లకు చెప్పలేదు. చెబితే అది సినిమాకు ఎట్లా చేరిందో కూడా చెప్పాలి. అది చెప్పాలంటే వసుంధర మేడం గురించి చెప్పాలి. ఆటోలో తెగే ముచ్చట కాదు.

ఇబ్రహీంపట్నం ఆడపిల్లల హైస్కూల్లో నేను లెక్కల టీచర్‌ని. నా ముప్పై నాలుగో ఏట మాకు హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చారు వసుంధర మేడం. కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఆమె భర్తకు సినిమాలంటే తలనొప్పి, ఆమెకు అవే ప్రాణం. తోడు కావాలి కనుక స్టాఫ్‌రూంలో అందరినీ ఒకసారి చూసి నన్ను ఎంచుకున్నారు. "మీరు తక్కువ మాట్లాడతారు యాదమ్మగారూ, అందుకని" అని కారణం కూడా చెప్పారు. ఆ తర్వాత ఆరేడేళ్లు, ఊళ్లోని థియేటర్లో కొత్త సినిమా పడిన ప్రతి ఆదివారం మ్యాటినీకి మేమిద్దరం వెళ్లేవాళ్లం. పేర్లు పడకముందే కూర్చోవాలి, అది ఆమె నియమం. దర్శకుడి పేరు అందరికన్నా చివర పడుతుంది. అది పడగానే ఆమె కళ్లద్దాలు తీసి చీరకొంగుతో తుడిచి పెట్టుకుని, "ఇక మొదలు" అనేవారు. అప్పటిదాకా దర్శకుడు అనే మనిషి ఒకడుంటాడని నేను పట్టించుకున్నదే లేదు. సినిమా అంటే హీరో, పాటలు, ఆఖరుకు ఫైటింగు.

మొదటిసారి నడుచుకుంటూ ఇంటికి వస్తున్నప్పుడు ఆమె అడిగారు. "ఆ పిల్ల వంటింట్లో ఏడుస్తున్నప్పుడు మీరేం చూశారండీ?"

"ఆమెనే చూసిన."

"కాదు. ఆమె ముఖం మనకి కనబడలేదు. ఒకే గిన్నెని మళ్లీ మళ్లీ తోముతోంది. మీరు చూసింది ఆ గిన్నెని. మిమ్మల్ని ఆ గిన్నె దగ్గరకి చెయ్యిపట్టుకు తీసుకెళ్లిన మనిషి పేరు చివర పడిందే, ఆయన. మీరెక్కడ చూడాలో, ఎక్కడ ఏడవాలో ముందే అనుకుని పెట్టాడు."

నేను దారి మధ్యలో నిలబడిపోయాను. నిజమే, నాకు గిన్నె ఒక్కటే గుర్తుంది. సోమవారం తొమ్మిదో తరగతికి వెళ్లి, బోర్డు మొత్తం తుడిచి, మధ్యలో ఒక్క చుక్క పెట్టి మాట్లాడకుండా నిలబడ్డాను. నలభై మంది పిల్లలు ఆ చుక్కనే చూశారు. అప్పుడు వృత్తం మొదలుపెట్టాను. రిటైరయ్యేదాకా జామెట్రీ అట్లాగే చెప్పాను. నా దగ్గర చదివిన పిల్లలు ఈ రోజుకీ ఆ చుక్క గురించే చెబుతారు. అది మేడం పెట్టిన చుక్క. ఈ మాట ఎక్కడైనా ఒప్పుకుంటాను.

ఆమెకు నలుగురు దర్శకులు ఇష్టం. ఒకాయన చావు చూపించినప్పుడు శవాన్ని చూపించడు, వాకిట్లో చెప్పుల్ని చూపిస్తాడు. ఇంకొకాయన ఆడవాళ్లను వంటింట్లోనే ఉంచినా చివరి మాట వాళ్లకే ఇస్తాడు. మూడో ఆయన పాటలను ఎట్లా కత్తిరించాలో తెలిసినవాడు. నాలుగో ఆయన మాత్రం వేరు. ఆయన సినిమా వస్తే మేడం రెండుసార్లు చూసేవారు. "మన పక్కింటివాళ్ల మాటల్ని ఏరుకొచ్చి పెడతాడండీ" అని మురిసిపోయేవారు. ఏరుకొచ్చి ఎవరి నోట్లో పెడతాడన్నది నేను మెల్లగా గమనించాను. ఒక ఆదివారం అడిగాను కూడా. "మేడం, గీయన సినిమాలల్ల మా లెక్క మాట్లాడేటోళ్లు రౌడీలో పనోళ్లో ఐతరు గాని ఇంకొకళ్లు కారెందుకు?"

ఆమె గట్టిగా నవ్వారు. "భలే పట్టేశారండీ. నేను నేర్పిన విద్య నాకే అప్పజెబుతున్నారు." మెచ్చుకున్నారు, జవాబు చెప్పలేదు. ఆ మెచ్చుకోలునే జవాబుగా అప్పుడు సరిపెట్టుకున్నాను.

అమ్మ పట్నంలో దవాఖానలో ఉన్నప్పుడు వార్షిక పరీక్షలు నడుస్తున్నాయి. మంచం పక్కన కూర్చున్న నన్ను చూసి అమ్మ విసుక్కుంది. "ఎందుకట్ల మొఖం పెడతవ్? పిల్లల పరీక్షలున్నయ్ కద. నువ్వచ్చేదాక సావ తియ్. పో. వచ్చేటప్పుడు జర సంత్ర పండ్లు తే." మరునాడు పరీక్ష కాగానే నాలుగు సంత్రాలు కొనుక్కుని వెళ్లేసరికి ఆ మంచం మీద దుప్పటి మార్చేశారు. నేను వచ్చేదాకా చావనన్నది, జీవితంలో అమ్మ మాట తప్పింది ఆ ఒక్కసారే. ఈ సంగతి నేను ఒక్కరికే చెప్పాను, హెచ్చెమ్ గదిలో తలుపు వేసి. మేడం కళ్లద్దాలు తీసి చాలాసేపు ఏడ్చారు. "ఎంత మాటండీ! ఏ దర్శకుడూ రాయించలేని మాట" అన్నారు. ఆ పూట నాకు అదే పెద్ద ఓదార్పు.

రెండేళ్ల తర్వాత వేసవి సెలవుల్లో ఆ నాలుగో దర్శకుడే మా బడి వరండాలో షూటింగుకు వచ్చాడు. మేడం సెలవైనా రోజూ వచ్చి, ఇంటి నుంచి ఫ్లాస్కులో కాఫీ తెచ్చి ఆయనకు ఇచ్చారు. మూడో రోజు నేను వెళ్లేసరికి ఇద్దరూ కుర్చీలు వేసుకుని మాట్లాడుకుంటున్నారు. ఆయన తల ఊపుతూ వింటున్నాడు. సాయంత్రం మేడం నా దగ్గరికి వచ్చి, "ఆయనకి మీ తరఫున ఒక కానుక ఇచ్చానండీ. సినిమా వచ్చాక చూద్దురుగాని" అన్నారు. ఆమె ముఖం పెళ్లి సంబంధం కుదిరిన ఇంటి పెద్ద ముఖంలా ఉంది. నేను కూడా నవ్వాను.

సినిమా వచ్చింది. పేర్లు పడ్డాయి, కళ్లద్దాలు తుడుచుకున్నారు, ఇక మొదలు. ఇంటర్వెల్ తర్వాత ఒక పనామె వచ్చింది. లావుపాటి నటి, పని ఎగ్గొట్టడానికి జ్వరం నటిస్తూ పడుకుని ఉంది. యజమానురాలు కంగారుగా బయటికి పోబోయింది. దర్శకుడు కెమెరాను ఆ నటి పొట్ట మీద నుంచి ముఖానికి తెచ్చి, కొంచెం సేపు ఏ చప్పుడూ లేకుండా ఆపాడు. నవ్వు ఎక్కడ రావాలో అక్కడ చోటు ఖాళీ చేసి పెట్టాడు. నాకు తెలిసిపోయింది, మేడం దగ్గర చదువుకున్నాను గదా. తర్వాత ఆ నటి అమ్మ మాట అన్నది. ఒక్క అక్షరం మార్చలేదు, సంత్ర పండ్లతో సహా. హాలంతా నవ్వింది. మేడం కూడా నవ్వారు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుని, "పెట్టాడు చూశారా! మీ అమ్మగారి మాట సినిమాకెక్కింది" అన్నారు.

చెయ్యి విడిపించుకోలేదు. సినిమా అయిపోయేదాకా కూర్చున్నాను.

సోమవారం మొదటి పీరియడ్‌కు ముందు హెచ్చెమ్ గదికి వెళ్లాను. "మీరు నవ్విన్రు మేడం" అన్నాను.

"నవ్వొచ్చేలా తీశాడు కదండీ. హాస్యం అంటే చిన్నచూపు కాదు. ఎన్ని వేలమంది ఆ మాట విన్నారో ఆలోచించండి."

"గట్లయితే మీ అమ్మ మాటనే ఇయ్యకపోయిన్రా ఆయనకు?"

ఆమె నిజంగానే ఆలోచించారు. వెక్కిరించే మనిషి కాదు. "మా అమ్మ మాటల్లో నవ్వడానికి ఏముందండీ?" అన్నారు.

బెల్లు కొట్టారు. చాక్‌పీసు తీసుకుని క్లాసుకు పోయాను. తాను ఏమన్నారో ఆమెకు ఆ రోజూ తెలియలేదు, తర్వాతా తెలియలేదనే నా నమ్మకం. మరుసటి ఆదివారం పిలిచారు, పని ఉందన్నాను. ఆ పై ఆదివారం కూడా ఉందన్నాను. మూడో ఆదివారం పిలవలేదు. బడిలో ఎప్పటిలాగే మర్యాదగా ఉన్నాం. ఆమె రిటైరైన రోజు దండ నేనే వేశాను.

రాష్ట్రం వచ్చాక, తుర్కయాంజాల్ అపార్ట్‌మెంట్లో ఆమె మంచం పట్టారని తెలిసి చూడటానికి వెళ్లాను. ఆపిల్ పండ్లు తీసుకుపోయాను. ఆమె బాగా చిక్కిపోయారు. నన్ను చూసి ఎంతో సంతోషపడి, "ఇప్పుడు హీరోలంతా మీ భాషే మాట్లాడుతున్నారండీ. మీ కోపం తీరిందా?" అన్నారు.

"తీరింది మేడం" అన్నాను. మంచం మీది మనిషికి ఇంకేం చెబుతాం.

పండ్ల సంచిలోకి తొంగిచూసి, ఆ నటి గొంతును అనుకరిస్తూ, "మీరొచ్చేదాకా సావలే చూశారా? సంత్ర పండ్లేవీ?" అని నవ్వారు. ప్రేమగానే అన్నారు. ఆ పక్కనే ఉన్న కోడలు కూడా నవ్వింది. నేను ఒక ఆపిల్ కోసి ముక్కలు చేతికిచ్చి వచ్చేశాను. ఆ నెలలోనే ఆమె పోయారు.

ఇప్పటికీ టీవీలో ఏ సినిమా వచ్చినా పేర్లు పడకముందే కూర్చుంటాను. కెమెరా ఎక్కడుందో, నన్ను ఎటు చూడమంటోందో చూస్తాను. ఆ చూపు మేడం ఇచ్చింది. తిరిగి ఇచ్చేద్దామంటే మనిషి లేదు, ఉన్నా ఇయ్యరాదు.

ఆ గురువారం ఆటో దిగి ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని, అమ్మ ఆ మాట ఎట్లా అన్నదో గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాను. దవాఖాన గుర్తుంది. మంచం గుర్తుంది. అమ్మది సన్నటి గొంతు, మాట చివర కొంచెం బొంగురుపోతుంది, అది తెలుసు. తెలుసు గాని వినబడదు. ఎన్నిసార్లు కళ్లు మూసుకున్నా ఆ నటి గొంతే వస్తుంది, వెనకాల నవ్వుతో సహా.

పోయినవి ఇవీ. ఆదివారం మ్యాటినీ. వసుంధర మేడం. అమ్మ గొంతు.