ఎనిమిది తలుపుల బడి

ఆ రోజుల్లో నాకు రెండు సంగతుల మీద గట్టి నమ్మకం ఉండేది. సర్కారు బళ్లను బాగుచేయడానికే దేవుడు నన్ను పుట్టించాడన్నది మొదటిది. పేపర్లో ఫోటో పడితే తప్ప ఆ విషయం జనానికి తెలియదన్నది రెండోది. అప్పటికి నేను గెస్టు టీచరును, అంటే బడికి రోజూ వచ్చే చుట్టాన్ని. బీదరు జిల్లాలో హళ్ళిఖేడ్ (బి) దాటి చెరకు తోటల మధ్యగా లోపలికి పోతే వచ్చే చిన్న ఊళ్లో రెండు గదుల కన్నడ బడి మాది. ఒకటి నుంచి ఏడు వరకూ అన్ని తరగతులూ కలిపినా పిల్లలు ముప్పై మంది ఉండరు. టీచర్లం ఇద్దరం, నేనూ, మా పెద్ద టీచరమ్మా. మా వైపు బళ్లో పాఠం చెప్పే ఆడవాళ్లను అక్కోరు అంటారు కాబట్టి ఊరంతటికీ ఆమె అక్కోరే.

పిల్లల సంఖ్యను బట్టే సర్కారు గ్రాంటు ఇస్తుంది కనుక చిన్న బడికి వచ్చేదీ చిన్నదే. (వానకు కారే పైకప్పుకు ఈ సంగతి తెలియదు. ముప్పై మంది మీదా మూడు వందల మంది మీదా అది ఒకే తీరుగా కారుతుంది.) ఆ కాస్తా ఎండలు మొదలయ్యాక వచ్చేది, మార్చి నెల దాటితే వచ్చిన దారినే వెనక్కి పోయేది. ఆ ఏడు వచ్చింది ఒక్క పనికి సరిపోతుంది. ఆ పనేమిటో అక్కోరు ఎప్పుడో తేల్చేసుకుంది. బడి వెనక ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు, గోనెసంచి వేలాడుతుండేది. గాలి వస్తే సంచి లేచేది. దానికి తలుపు పెట్టించాలి.

నేను మాత్రం అప్పటికే సెల్‌ఫోన్లో ఒక బడి ఫోటో చూసి ఉన్నాను. గోడల మీద రైలు పెట్టెలు వేసి, పిల్లలు రైల్లోంచి దిగుతున్నట్టు తీసిన ఫోటో. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. బడి రైలులా ఉంటే కాన్వెంటుకు పోయే పిల్లలు మన బడికి వస్తారు, పిల్లలు పెరిగితే గ్రాంటు పెరుగుతుంది, గ్రాంటు పెరిగితే ఒక తలుపు కాదు, రెండు పెట్టించుకోవచ్చు. ఇదీ నా లెక్క. పిల్లలకు లెక్కలు చెప్పేది నేనే మరి.

సరిగ్గా అప్పుడే అక్కోరుకు బీదరులో వారం రోజుల ట్రైనింగు పడింది. పోయేముందు తన సంతకమూ, బడి కమిటీ అధ్యక్షుడి సంతకమూ ఉన్న చెక్కు నా చేతిలో పెట్టింది.

"తమ్మీ, దీంట్ల పేరు రాయలే. హుమ్నాబాదుల వెల్డింగాయన రేకు తలుపు చేసిస్తనన్నడు, ఆయన పేరు మీద రాసియ్యి. పాలామెకు మాటిచ్చిన. తలుపు పడకుంటే సెలవులైనంక బిడ్డను బడికి తోలదట."

"ఫికర్ చెయ్యకక్కా, నేనున్న గదా!" అన్నాను.

నేనుండటమే తప్పయింది. పాలామె అంటే ఊళ్లో పాలు పోసే ఆమె. ఆమె కూతురు ఆరో తరగతి. తెలివైన పిల్లే గాని మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఎటో పరుగెత్తి, గంట కొట్టిన చాలాసేపటికి రొప్పుతూ వచ్చేది. నేను ఆ పిల్లకు లేట్ లతీఫ్ అని పేరు పెట్టాను. గుమ్మంలో కనబడగానే "ఆగయా లేట్ లతీఫ్!" అనేవాణ్ని, పిల్లలంతా నవ్వేవాళ్లు. నా చమత్కారానికి నేనే మురిసిపోయేవాణ్ని.

చెక్కు మీద పెయింటరు పేరు రాశాను. హుమ్నాబాదు హైవే మీద లారీలకు రంగులేసే చాచా ఆయన. "చాచా, రైలు ఏస్తవా?" అనడిగితే, "ఎందుకెయ్యను సార్? లారీకన్న నాలుగు టైర్లు ఎక్కువ, గంతే గదా," అన్నాడు. వేశాడు కూడా. కాకపోతే చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? ఇంజను నుదుటి మీద నిమ్మకాయా మిరపకాయలూ వేలాడాయి. రెండు పక్కలా గద్దలు రెక్కలు చాపాయి. వెనక గోడ మీద 'హారన్ ఓకే ప్లీజ్', దాని కింద 'ఆల్ ఇండియా పర్మిట్' వెలిశాయి. కానీ తలుపులు మాత్రం, ఆహా! ఎనిమిది తలుపులు, మేకులతో సహా, పిడి కింద నీడతో సహా. ఒకటో తరగతి పిల్లలు ఆ పిడి పట్టుకుని లాగి లాగి చూసేవాళ్లు.

పైఆఫీసరు వచ్చి శభాష్ అన్నాడు. మూడో తలుపు దగ్గర రైలెక్కుతున్నట్టు ఒక కాలు ఎత్తి నిలబడ్డ నా ఫోటో పేపర్లో పడింది. (ఆ కాలు ఎత్తమని నాకెవరూ చెప్పలేదు.) ఊరంతా చూడటానికి వచ్చింది. పాలామె కూడా వచ్చింది. రైలు ముందు ఆగకుండా నేరుగా వెనక్కి పోయి, గోనెసంచి ఎత్తి చూసి, తిరిగి నా దగ్గరికి వచ్చింది.

"రైలుకు ఎనిమిది తలుపులు పెట్టినవు సారూ. ఒక్కటి ఎన్కకు పెట్టరాకపోయెనా?"

నేను పళ్లికిలించాను.

"నా బిడ్డను లేట్ లతీఫ్ అంటవట గదా. పగటీలి చెరుకుతోట దాటి ఇంటికెందుకు ఉరుకుతదో ఒక్కనాడన్న అడిగినవా?"

అడగలేదు. అడిగే పని లేకుండానే ఆ క్షణాన నాకు అంతా తెలిసిపోయింది. ఆ గోనెసంచి చాటుకు పోలేకే ఆ పిల్ల ఇంటికి పరుగెత్తేది. అక్కోరు తిరిగి వచ్చి, గోడలు చూసి, వెనక్కి పోయి గోనెసంచి లేవకుండా కింద రాయి కట్టి వచ్చింది. నన్ను తిట్టినా ఎంత బాగుండేదో.

సెలవులయ్యాక బడి తెరిస్తే ఆ పిల్ల రాలేదు. ఇద్దరం వాళ్లింటికి పోయాం. పిల్లను దుబల్గుండిలో మేనత్త దగ్గరికి పంపించారట, అక్కడ కూలికి పోతోందట. "నీ మాట మీదనే ఇన్ని దినాలు తోలిన అక్కోరూ," అంది పాలామె. "తప్పు నాదే చెల్లే. నేను ఊర్లె లేకుంటి," అంది అక్కోరు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తప్పు నాది అనడానికి రెండు మాటలు చాలు. ఆ రెండూ నా నోట్లోంచి రాలేదు. ఈ రోజుకీ నన్ను తినేది ఆ రైలు కాదు, ఆ మౌనం.

సంగతి విన్న పెయింటరు చాచా మర్నాడే పాత లారీ వెనక డాలా, అదే సామాను దించేటప్పుడు తెరిచే ఆ బరువైన చెక్క, ఒకటి బండి మీద వేసుకొచ్చి, మరుగుదొడ్డికి బిగించి పోయాడు. దాని మీద ఎర్రగా 'స్టాప్' అని ఉంది. మా రైలుకు అది తొమ్మిదో తలుపు, తెరుచుకునేది అదొక్కటే.

ఇప్పుడు నేను పర్మనెంటు హెడ్మాస్టర్ని, వేరే ఊళ్లో. గ్రాంటు రాగానే ముందు బడి వెనక్కి పోయి, గడియ పడుతుందో లేదో నేనే వేసి చూస్తాను. నా వెనక టీచర్లు నన్ను 'తలుపుల సారు' అని నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

మొన్న హుమ్నాబాదు బస్టాండులో చంకన బిడ్డతో ఒకామె "సారూ, నన్ను గుర్తువట్టినవా?" అంది. వెంటనే గుర్తుపట్టాను, పాలామె కూతురు. బ్యాగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"మన రైలు ఉన్నదా సారూ?"

"రంగంత పోయిందమ్మా."

"తలుపు పెట్టిన్రట గదా, అమ్మ చెప్పింది."

"ఆ... నువ్వు పోయినంక."

ఆమె ఫక్కున నవ్వింది. "అయితే తలుపు గూడ నాకందలే, ఆడ గూడ నేనే లేట్ లతీఫ్!" అంటూ బిడ్డను సర్దుకుని బస్సెక్కింది. లేట్ లతీఫ్‌ను నేనమ్మా, నువ్వు కాదు అని ఈసారి నిజంగానే నోరు తెరిచాను. బస్సు అప్పటికే కదిలింది. వెనక అద్దంలోంచి ఆ పసిది నాకు చెయ్యి ఊపుతుంటే, పేపర్లో ఒంటికాలి మీద నిలబడ్డ ఆ కుర్ర సారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నేను కూడా చెయ్యి ఊపాను.